మారోతి పేరు మీద

బండి పూర్ణా దాటిందని మైకులో చెప్పగానే సుమిత్రాబాయి బెంచీ మీంచి లేచి నిలబడింది, నిలబడి ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చుంది. పూర్ణా నుంచి నాందేడ్‌కు ఎంత సేపని, పొయ్యి మీద పెట్టిన పప్పు ఉడికేంత సేపు. ఆ లోపల భివండి నుంచి గజానన్ అనే మనిషి ఇదే ప్లాట్‌ఫారం మీద దిగుతాడు, దిగి తన చిన్ననాటి దోస్తు మారోతి కోసం నాలుగు దిక్కులా చూస్తాడు. మారోతి తన మొగుడు. మారోతి పోయి రెండేళ్లు దాటింది. ఆ సంగతి గజానన్‌కు తెలియదు. తెలియకుండా ఇన్ని నెలలు ఆపింది తనే, మారోతి ఫోన్లో, మారోతి పేరు మీద, మారోతి అయి జవాబులు రాసింది తనే, ఈ చేత్తోనే. ఆ చెయ్యి ఇప్పుడు కొంగు కింద ఆ ఫోన్‌నే పట్టుకుని ఉంది. చెప్పాలి. దిగగానే చెప్పాలి. దండం పెట్టి, అన్నా, మీ దోస్తు లేడు అనాలి. అంతవరకు నోరు పెగులుతుందేమో. ఆ తర్వాత ఆయన అడిగే మాటకు, మరి నాకు రాసిందెవరు అనే మాటకు, నోరెలా పెగులుతుంది? ఎదురుగా నీలం తలపాగాల సిక్కు యాత్రికులు మూటల మీద కూర్చుని గట్టిగా నవ్వుకుంటున్నారు, వాళ్లు తనను చూసి నవ్వడం లేదని తెలుసు, అయినా కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

ఆ ఖాతా తను తెరిచింది కాదు. కొడుకు నితీశ్ తండ్రికి కొత్త ఫోన్ కొనిచ్చిన రోజు ఆయన్ను టెంపో పక్కన నిలబెట్టి ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ధర్మాబాద్ మార్కెట్ నుంచి నాందేడ్‌కు మిర్చి తోలే టెంపో అది, ఫోటోలో కూడా ఆయన కళ్లు మిర్చి ఘాటుకు ఎర్రగానే ఉన్నాయి. ఆయన ఫేస్‌బుక్‌లో కుస్తీ పోటీలు చూసేవాడు, అంతే. ఆయన పోయిన నాడు నితీశ్ వాట్సాప్‌లో చుట్టాలందరికీ కబురు పెట్టాడు గానీ ఫేస్‌బుక్ సంగతి ఎవరికీ తట్టలేదు. అందుకని ఇంట్లో పోయిన మనిషి అందులో బతికే ఉన్నాడు. జూన్ ఒకటిన పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వచ్చాయి. పుట్టిన తారీఖు తెలియని పిల్లలందరికీ బడిలో గురూజీ రాసేసే తారీఖు అది, వాళ్ల ఊళ్లో సగం మంది మగవాళ్లు ఆ ఒక్క రోజే పుట్టారు. కోడలు సారిక అవి చూసి కళ్లు తుడుచుకుని, పోయినవాళ్ల ఖాతా అని దాని మీద రాయించే వీలుందట అత్తా, రాపిద్దామా అంది. ఉండనీ అంది తను. ఎందుకన్నదో అప్పుడు తనకే తెలియదు. గోడ మీద దండేసిన ఫోటో ఒకటి ఉంది కదా, దండ లేనిది కూడా ఒకటి ఉండనీ అనుకుందేమో. అక్కడే మొదలైంది తప్పు. కాదు, తప్పు అక్కడ కాదు, తప్పును ఎంత వెనక్కి తోస్తే అంత తేలికవుతుందని తను వెనక్కి తోస్తోంది. ఖాతా ఉంచడం తప్పు కాదు. రాయడం తప్పు.

రాయడం మాత్రం ఎంత కష్టపడి నేర్చుకుంది. ఆయన పోయాక బ్యాంకులో గుమాస్తా తన బొటనవేలు పట్టుకుని సిరాదిమ్మె మీద ఒత్తి, కాగితం మీద ఒత్తి, తుడుచుకోవడానికి ఒక గుడ్డపేలిక చూపించాడు. అది అందరూ తుడుచుకున్న గుడ్డ. ఆ వారమే సమాజ మందిరంలో మధ్యాహ్నం పూట మీరా టీచర్ నడిపే తరగతిలో చేరింది. నేర్పింది మరాఠీ అక్షరాలు, తనకు ఇంట్లో మాట తెలుగు. అదేం అడ్డు కాలేదు. అక్షరం ఏ భాషదైతేనేం, నోట్లో ఉన్న మాటను పలికితే చాలు. ధర్మాబాద్ వైపు మరాఠీ బడిలో చదివిన మగవాళ్లంతా తెలుగు మాటను ఆ అక్షరాల్లోనే రాసుకుంటారు. ఒకరోజు మీరా టీచర్ మీ మీ యజమానుల పేర్లు రాయండి అంది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు నోటితో అనలేదు తను, రేషన్ దుకాణంలో అడిగినా పక్కవాళ్లు చెప్పేవాళ్లు. పలక మీద మూడక్షరాలూ రాసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. నోరు అనకూడని పేరును చెయ్యి అనేసింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆ ధైర్యమే ఇంత దూరం తెచ్చిందా?

గజానన్ పేరు అప్పటికి తనకు తెలిసిందే. కొడుకు మీద కోపమొచ్చినప్పుడల్లా అత్త అనేది, నువ్వు గూడ ఆ గజ్యాగాని లెక్క మిషన్ల పనికి పోయి చెడిపోతుంటివి, నా పున్నెం కొద్ది మిగిలినవ్ అని. ఆ గజానన్ ఫోన్లో వచ్చి నిలబడ్డాడు, నెరిసిన గడ్డం, మెడలో తువ్వాల, కింద రెండు గుర్తులు, ఒప్పుకో, తీసెయ్యి. సారిక చెప్పే ఉంది, తెలియనివాళ్లను ఒప్పుకోవద్దు అత్తా, లోకంలో అన్ని రకాలవాళ్లూ ఉంటారు అని. కానీ గడప దాకా వచ్చి మొగుడి పేరు చెప్పి నిలబడ్డ మనిషిని లోపలికి రమ్మని నీళ్లియ్యకుండా వెనక్కి పంపడం ఎవరు నేర్పారు తనకు? ఒప్పుకో అన్నది నొక్కింది. అదే సాయంత్రం ఆయన రాశాడు. కూడబలుక్కుని చదివేసరికి చీకటి పడింది. ‘మారోతిగా, యాదికున్ననా? ఎట్లున్నవ్‌రా?’

ఆయన లేడు అని రాద్దామని మొదలుపెట్టిన మాట నిజం. ఆ మాట రాయడానికి వేలు అక్షరం మీదికి పోయింది, ఆగింది. నేర్చుకున్న చదువుతో తొలిసారి ఒక మనిషికి జవాబు రాస్తూ, మొగుడు చచ్చిపోయాడని రాయాలా? ఇవాళ వద్దు, రేపు రాద్దాం, ఇవాళ్టికి ఆ మనిషి అడిగినదానికి జవాబిద్దాం అనుకుంది. ‘బాగున్న’ అని రాసింది. ఇద్దరికీ వర్తించే మాటే కదా అని సరిపెట్టుకుంది కూడా. రేపు రాలేదు. ఆయన రోజూ రాశాడు. ఫోన్ చేసినప్పుడల్లా తను ఎత్తకుండా, టెంపో మీదున్న, రాయి అని రాసేది. చెరుకు దొంగిలించి దొరికిపోయింది, సగరోళి జాతరలో తప్పిపోయింది, మారోతి ఈత రాకుండానే మంజీరలో దూకింది. మారోతికి ఈత రాదని తనకు తెలియదు. మారోతి నవ్వేవాడని తెలియదు. తనతో ముప్పై ఏళ్లకు పైగా ఉన్న మనిషి తిన్నావా, పోయి వస్తా, చిల్లర ఉందా అనే మాటలు తప్ప పెద్దగా ఆడినవాడు కాదు. జ్వరమొస్తే నీళ్లు కాచి మంచం పక్కన పెట్టి బయటికి పోయేవాడు, పెట్టానని కూడా చెప్పేవాడు కాదు. ఆ మనిషి పిల్లవాడై, పోకిరివాడై రోజుకింత ఫోన్లోంచి బయటికి వస్తుంటే ఎలా ఆపడం? పొయ్యి మీద కూర మాడేది. సారిక అనేది, ‘అత్తా, గా ఫోన్ల ఏమున్నదె గంతగనం? గీ నడుమ నీకు మేమే యాదికి లేము.’ పాఠం చదువుకుంటున్నా అని చెప్పింది. ఎంత సులువుగా వచ్చేది అబద్ధం.

ఒకనాడు ఆయన అడిగాడు. ‘ఒక్క మాట చెప్పురా. గప్పటిసంది అడుగుదామనుకుంటున్న. నీ లగ్గం ముందటి దినం పసుపు చేతులతోని సంచి వట్టుకోని ధర్మాబాద్ స్టేషన్‌కు అచ్చినవ్ గదా. ఇద్దరం భివండికి మగ్గాల పనికి పోదామనుకున్నం గదా. నీ టికెట్ నా జేబుల్నే ఉండె. బండి కూత వెట్టంగనే ఎందుకు మల్లిపోయినవ్?’

తను ఆ సంగతి విననే లేదు. తన పెళ్లి ముందటి రోజు పెళ్లికొడుకు పారిపోవడానికి స్టేషన్‌కు పోయాడని, తన ఒంటికి పసుపు రాస్తూ ఆడవాళ్లు పాటలు పాడుతున్న వేళకు ఆ మనిషి చేతిలో సంచి ఉందని ఇన్నేళ్లకు తెలిసింది. పందిట్లో ఆయన మొహం వాడిపోయి ఉంటే ఉపవాసం అనుకుంది. పాదాలకు దుమ్ము ఉంటే పేదింటి పెళ్లికొడుకు, నడిచి వచ్చాడనుకుంది. రెండు రోజులు అన్నం సహించలేదు. ఎందుకు వెనక్కి వచ్చాడు? తల్లికి భయపడా, అప్పటికే వండిన వంటలకు భయపడా, మెషీన్ల చప్పుడుకు భయపడా? గోడ మీది ఫోటోను అడిగింది, అది ఎప్పటిలానే రోడ్డు వైపు చూసింది. అవతల గజానన్ మళ్లీ మళ్లీ రాశాడు, కోపమొచ్చిందారా, అడగొద్దుండెనా అని. అప్పుడు రాసింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, తప్పు పోతే తుడిచి, మళ్లీ రాసింది. ‘పిల్ల మొఖం యాదికచ్చింది. ఇడిసిపెట్టి రాబుద్ధి గాలే.’

ఇదీ తను చేసిన పని. మిగతాదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. బతికుండగా ఒక్కనాడు నీ మొహం బాగుందే అని అనని మనిషి చేత, చచ్చిపోయాక, తన మొహం గురించి తనే చెప్పించుకుంది. వయసొచ్చిన ముండమోపి, మనవలను ఎత్తుకోవలసిన మనిషి. పైగా ఆ మాటను ఎన్నిసార్లు చదువుకుంది? అందరూ పడుకున్నాక కాదు, పట్టపగలే, తరగతికి పోయే దారిలో నిలబడి, మందుల దుకాణం అరుగు మీద కూర్చుని, తను రాసినట్టు కాక ఆయన రాసినట్టు చదువుకుంది. చదివినప్పుడల్లా మెడ మీదికి వేడి ఎక్కేది, పెళ్లికూతురికి ఎక్కినట్టు. ఇప్పుడు ఆ వేడే సిగ్గయి మండుతోంది.

పక్క ప్లాట్‌ఫారం మీంచి ఆదిలాబాద్ వైపు బండి కదిలింది, అది ఎక్కి ఎటైనా పోవచ్చు అని ఒక ఊహ వచ్చి పోయింది. ఆ జవాబు చూసి గజానన్ రాశాడు. ‘గంతేనా! నేను ఇన్నేండ్లు నువ్వు నన్ను నమ్మలేదనుకున్న. గజ్యాగానితోని పోతే అడుక్కతినుడే అనుకున్నవేమో అనుకున్న. గందుకే ఊరి మొఖం సూడలే. పోరి కోసం ఆగినవా లంగా!’ ఆ తిట్టు చదివి తను నవ్వింది కూడా. కానీ ఆ తర్వాత వచ్చినవి నవ్వేవి కావు. ఆ ఒక్క అబద్ధంతో ఆ మనిషి లోపలి తలుపు తెరుచుకుంది. కొడుకు వేరుపడ్డాడు, మాట లేదు. భార్య కొడుకు దగ్గరే ఉంటుంది. ఆయన మగ్గాల షెడ్డులోనే ఓ మూల పడుకుంటాడు. చక్కెర జబ్బు, కాలి పుండు మానడం లేదు, వేళ్లు తీసేయాలని డాక్టర్ అన్నాడు, కాలు కూడా పోవచ్చట. ‘ఎవలికి చెప్పలేరా. రాత్రి ఏడుస్త. నీ ముందట అంటె సిగ్గు లేదు.’ మగవాడు మగవాడితో కూడా చెప్పుకోని మాటలు. తను చదివింది. చదివి, ఊరుకోకుండా ధైర్యం చెప్పింది, మారోతి పేరు మీద. ఆ చివర ఆయన రాశాడు. ‘రెండు కాళ్ల మీద ఉన్నప్పుడే నిన్నొక్కసారి సూసి పోత. బుధవారం బండికి అస్తున్న. స్టేషన్‌కు రా.’

ఊళ్లో ఉండను అని రాసింది. ‘లేకుంటె అచ్చేదాంక స్టేషన్‌లనే కూసుంట, నాకేం పని’ అని వచ్చింది జవాబు. అప్పుడు పోయింది సారిక దగ్గరికి.

‘సారికా, ఫోన్ల ఒక మనిషి రాయకుంట ఎట్ల జెయ్యాలె బిడ్డా?’

‘ఎవడత్తా? ఎవడన్న సతాయిస్తుండా? ఇటియ్యి ఫోన్, వాని సంగతి నేను జెప్త.’

‘అయ్యొ, నాకు గాదె. మా క్లాసుల పార్వతీబాయి అడిగింది.’

‘పార్వతీబాయికి గీ వయసుల గిదేం గాచారం!’ సారిక పిండి చేతులతోనే నవ్వింది. ‘పేరు మీద ఒత్తి, గీ మూడు చుక్కలు ఒత్తాలె. బ్లాక్ అని అస్తది. గది ఒత్తితె అయిపాయె. ఇగ వానికి మనం సచ్చిపోయినట్టె.’

పార్వతీబాయి పూజకు తప్ప గడప దాటని మనిషి, ఆమె మీద కూడా మచ్చ వేసింది. పెరట్లోకి పోయి మూడు చుక్కలూ నొక్కింది, బ్లాక్ వచ్చింది. ఒక్క వేలి పని. కానీ అటువైపు ఆ మనిషికి ఏమని తెలుస్తుంది? మారోతి చచ్చిపోయాడని కాదు. కాలు పోతుందని చెప్పుకున్న రోజే మారోతి తలుపు మూసుకున్నాడని తెలుస్తుంది. మళ్లీ స్టేషన్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడని తెలుస్తుంది. వేలు దిగలేదు. మొదటిసారి ఏదో ఒకటి సరిగ్గా ఆలోచించినట్టు అనిపించింది, కానీ దాని ఫలితమే ఇదిగో ఈ బెంచీ.

బండి వచ్చేసింది. ఎంత తొందరగా వచ్చింది. పెట్టెలు ఒకటొకటిగా దాటిపోతుంటే గాలికి కొంగు ఎగిరింది. మూటలు, పిల్లలు, కూలీలు, తోపులాట, అందులోంచి మెడలో తువ్వాల. గుర్తుపట్టింది. ఫోటోలో కంటే చిన్న మనిషి. ఒక కాలికి బూటు, ఒక కాలికి కట్టు కట్టి రబ్బరు చెప్పు. బరువైన సంచి కింద పెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మగవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. ఆ చూపు తన దాకా వచ్చింది, తన మీదుగా దాటిపోయింది. ఆడమనిషి మీద ఎందుకు ఆగుతుంది? అప్పుడు అర్థమైంది సుమిత్రాబాయికి, తను కదలకుండా కూర్చుంటే చాలు. బ్లాక్ నొక్కక్కర్లేదు, ఏమీ చేయక్కర్లేదు. ఆయన ఎదురుచూసి, చూసి, పోతాడు. ఇంత సులువు దారి ఉందా అని ఒంట్లో ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది, కుదుటపడిందని తెలిసిన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. లేవబోయింది. అటు గజానన్ జేబులోంచి ఫోన్ తీశాడు, కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఏదో నొక్కి చెవికి ఆనించుకున్నాడు.

కొంగు కింద ఫోన్ మోగింది.

గట్టిగా మోగింది, టెంపో చప్పుడులో వినబడాలని మారోతి పెట్టుకున్న మోత. యాత్రికులు కూడా తిరిగి చూశారు. గజానన్ మొహం వెలిగింది, ‘మారోతిగా!’ అని అరుస్తూ చప్పుడు వైపు కుంటుకుంటూ వచ్చాడు, వచ్చి, మోగుతున్న ఫోన్ ఒక ఆడమనిషి చేతిలో చూసి ఆగాడు. ఫోన్ చూశాడు. చెయ్యి చూశాడు, గాజుల్లేని చెయ్యి. తల ఎత్తి ఆమె నుదురు చూశాడు. మోత ఆగిపోయేదాకా అలా నిలబడే ఉన్నాడు. చెప్పడానికి ఇన్ని రోజులు కూడబెట్టుకున్న మాట ఆమె చెప్పనే లేదు, బొట్టు లేని నుదురు చెప్పేసింది.

‘ఎప్పుడు?’ అన్నాడు.

‘రెండేండ్లు దాటింది. గుండెల నొప్పి. టెంపో పక్కకు ఆపుకొని...’

‘రెండేండ్లు.’ బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు, ఆమెకు దూరంగా, ఆ చివర. ‘మరి నాకు రాసిందెవలు?’

‘నేనే.’

‘అన్నీ నువ్వే సదివినవా?’

తల ఊపింది. గజానన్ కట్టు ఉన్న కాలిని మెల్లగా వెనక్కి తీసి బూటు కాలి వెనక దాచుకున్నాడు. అది చూశాక సుమిత్రాబాయికి ఏడుపొచ్చింది. ఇంతసేపూ సిగ్గు తనది అనుకుంది. ఆ మనిషికి కూడా పంచింది తను, ఒళ్లు కప్పుకునే వీలు లేకుండా చేసింది. పరాయి ఆడమనిషి ముందు బట్టలు విప్పించినట్టు చేసింది.

‘గా స్టేషన్ సంగతి?’ పట్టాల వైపే చూస్తూ అడిగాడు. ‘పిల్ల మొఖం యాదికచ్చింది అని... గదన్న వాడు నీతోని అన్నదేనా?’

ఒక్క మాట చాలు. అవునన్నా, ఆయన నాతో చెప్పిందే అంటే చాలు, ఈ మనిషి ఇంత దూరం వచ్చినందుకు అదొక్కటైనా మిగులుతుంది. తనకూ మిగులుతుంది. ఇద్దరికీ మేలు చేసే అబద్ధం నాలుక చివరే ఉంది, తడి ఆరకుండా ఉంది. ఇన్ని నెలల్లో దేనికీ తడుముకోని నోరు ఇప్పుడు తడుముకుంది.

‘నాతోని ఎప్పుడు చెప్పలే అన్నా. మీరు రాసినంకనే నాకు తెలిసింది. ఎందుకు మల్లచ్చిండో నాకు తెల్వది. నేనే రాసిన. నాకు గట్ల ఉంటె మంచిగుండు అనిపించి రాసిన.’

చెప్పేసి తల దించుకుంది. తిడతాడనుకుంది. తిట్టాలనుకుంది. ప్లాట్‌ఫారం ఖాళీ అవుతోంది, బండి నిజామాబాద్ వైపు సాగిపోయింది, యాత్రికులు మూటలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతున్నారు. గజానన్ తువ్వాలతో మొహం రుద్దుకున్నాడు, చాలాసేపు రుద్దుకున్నాడు, ఆ తువ్వాల తీసేసరికి ముసలివాడిలా కనిపించాడు.

‘నువ్వు మంచి పని జెయ్యలె వదినె.’

‘జెయ్యలె.’

‘నేనెవలికి చెప్పుకున్న గిన్నొద్దులు?’

ఆయన లేచి సంచి అందుకున్నాడు. ‘వాణ్ని ఏడ గాల్చిన్రు?’

‘గోదారి గంగ ఒడ్డున. గోవర్ధన్ ఘాట్ కాడ. నేను సూడలే. ఆడోళ్లను తీస్కపోలే గదా. ఇంటి మలుపు దాంకనే పోయిన.’

గజానన్ మొదటిసారి ఆమె మొహం నేరుగా చూశాడు. కోపం పోలేదు ఆ చూపులో. ‘పా,’ అన్నాడు. ‘ఇద్దరం సూడనోళ్లమే.’

బయట ఆటోలు వరసగా ఉన్నాయి. ఆయన ముందు నడిచాడు, కుంటుతున్నా సంచి ఆమెకివ్వలేదు. ఆటో దగ్గర మాత్రం సంచిని వెనక సీట్లో పెట్టి, తను పోయి డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. డ్రైవర్ ఎక్కడికన్నట్టు వెనక్కి తిరిగితే సుమిత్రాబాయి ఘాట్ పేరు చెప్పింది. ఆ పేరు వినగానే అతను పాట ఆపేశాడు.

‘కౌన్ గుజర్ గయే చాచా?’ ఎవరు పోయారని అడిగాడు.

‘దోస్త్.’

‘కబ్?’ ఎప్పుడని.

‘ఆజ్,’ అన్నాడు గజానన్.

ఆటో కదిలింది. సుమిత్రాబాయి కొంగు నుదుటి మీదికి లాక్కుని, ఇవాళే అన్న ఆ మాటను సరిదిద్దకుండా కూర్చుంది.